ఒళ్ళు ఇంకా బట్టీలోనే ఉంది

రాత్రి రెండు గంటలకు ఆమె లేచి కూర్చుంటుంది. ఎవరూ లేపరు. ఇటుక బట్టీలో ఆ వేళకే లేచి మట్టి తొక్కాలి, ఎండ ముదిరేలోగా ఇటుకలు కొయ్యాలి. ఆ బట్టీ వదిలి ఏడేళ్ళయింది. ఇప్పుడు కొయ్యాల్సిన ఇటుక లేదు, బూతులు తిట్టే మేస్త్రీ లేడు. అయినా ఆ వేళకు లేచి, గుడిసె గుమ్మంలో గొంతుక్కూచుని, తెల్లారే దాకా రోడ్డు వైపే చూస్తుంది.

మా ఊరు తామరైపాక్కం. తిరువళ్ళూరు జిల్లాలో కొసస్థలై ఏటి పక్కన. ఇక్కడి ఆనకట్ట దగ్గర మళ్ళించిన నీళ్ళు చోళవరం చెరువుకు, అక్కణ్ణుంచి మద్రాసు కొళాయిలకు పోతాయి. అవి చాలక మా నేల కింది నీళ్ళనూ బోర్లు వేసి నగరానికి తోడుకున్నారు. ఆ నగరం మేడలకు ఇటుకలు కూడా ఈ జిల్లా బట్టీల నుంచి పోతాయి. ఆ ఇటుక ఎవరి చేత, ఎన్ని గంటలకు లేపి కోయించారో మేడలో ఉన్నవాళ్ళు అడగరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇటు చాలా ఉన్నాయి. మాదీ అలాంటిదే. ఆమెది సరిహద్దుకు అటువైపు పల్లె, యానాదుల పిల్ల. పెళ్ళయిన కొత్తలో మొగుడు తీసుకున్న అడ్వాన్సుకు ఇద్దరూ బట్టీకి వచ్చారు. ఎన్ని లక్షల ఇటుకలు కోసినా ఆ అప్పు తీరలేదు. విడుదలయ్యాక, ఇప్పుడు మా చేలో కలుపుకు వస్తుంది. నన్ను అక్కా అంటుంది.

కూట్‌రోడ్డు వైపు నుంచి బుల్లెట్ బండి చప్పుడు వినిపిస్తే ఆమె చేతిలో కొడవలి జారిపోతుంది. బట్టీ ఓనరు బుల్లెట్ మీదే వచ్చేవాడట. టీ ఇస్తే నిలబడే తాగుతుంది. కూర్చోమంటే అటూ ఇటూ చూస్తుంది. కొడుక్కి పన్నెండేళ్ళు. బట్టీ నుంచి బయటికి వచ్చేసరికి ఐదేళ్ళవాడు. ఇప్పటికీ సొంత గుడిసెలో కుండలో నీళ్ళు ముంచుకోవడానికి తల్లిని అడిగి ముంచుకుంటాడు.

నిరుడు నేనే ఆమెను ఒక ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాను. గుండె దడ, వేళ్ళ తిమ్మిర్లు, తిండి సయించకపోవడం, నిద్ర లేకపోవడం. ఈసీజీ తీశారు, రక్తం చూశారు. "ఏమీ లేదు, ఊరికే టెన్షన్" అన్నారు. నిద్రమాత్రలు రాశారు. అంతా కలిపి మూడు నిమిషాలు. మాత్ర వేసుకున్న రాత్రి ఆమెకు భయం రెట్టింపయింది. మత్తుగా పడుకుంటే వాళ్ళు వచ్చినప్పుడు మెలకువ రాదేమోనని. మర్నాడు మాత్రలన్నీ పొయ్యిలో పడేసింది. ఆ డాక్టరుకు బయట వరండాలో వందమంది ఉన్నారని నాకు తెలుసు. తెలిసీ తప్పు పడుతున్నాను. "ఇంతకుముందు ఎక్కడ పని చేశావమ్మా?" అన్న ఒక్క ప్రశ్నకు ఎంతసేపు పడుతుంది?

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అంది: "అక్కా, నాకు మనసుకేం లేదు. ఒళ్ళే నా మాట వినదు."

ఆ మాట చెప్పడానికి బెసెల్ వాన్ డెర్ కోల్క్ అనే మానసిక వైద్యుడికి 2014లో ఒక లావుపాటి పుస్తకం పట్టింది. దాని పేరు 'ద బాడీ కీప్స్ ద స్కోర్'. ప్రపంచమంతా కొనుక్కుని చదివింది. అక్షరం రాని మనిషి బస్సు కిటికీ పక్కన కూర్చుని అదే చెప్పింది, వినడానికి నేను తప్ప ఎవరూ లేరు. అసలు మన భాషలో భయమంతా ఒంట్లోనే ఉంది. కాళ్ళూ చేతులూ ఆడలేదంటాం. గుండె జారిపోయిందంటాం. ఒళ్ళు ఝల్లుమందంటాం, పైప్రాణాలు పైనే పోయాయంటాం. పిల్లవాడు దడుచుకుంటే దడుపు జ్వరమని తాయెత్తు కడతాం. భయం ఒంటికి పట్టుకుంటుందని మా అవ్వకు తెలుసు. ఆసుపత్రిలో చీటీ రాసే చేతికి తెలియదు.

లోపల జరిగేది ఇదీ. ఆపద కనబడగానే, మనం ఆలోచించే లోపే, మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం మేలుకుంటుంది. రక్తంలోకి అడ్రినలిన్ దూకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలకు మళ్ళుతుంది, అరుగుదల మందగిస్తుంది. తిరగబడడానికో, పారిపోవడానికో ఒళ్ళు సిద్ధమవుతుంది. బట్టీలో తిరగబడితే కర్ర. పారిపోతే వెంటాడి పట్టుకొస్తారు, లేదా వెనక మిగిలిన తమ్ముణ్ణి కొడతారు. రెండు దారులూ మూసుకున్నప్పుడు ఒళ్ళు బిగుసుకుపోతుంది. ఒక రాత్రి అయితే తేరుకుంటుంది. ఏళ్ళ తరబడి అయితే, కొందరి ఒంట్లో ఆ గంట మోగడం ఆగదు. ఆపద పోయిందని తలకు తెలుసు, ఒంటికి ఎవరూ చెప్పలేదు. నిద్ర, జీర్ణం, రక్తపోటు, ఉలికిపాటు, అన్నీ ఆ గంట చుట్టూనే తిరుగుతాయి.

2019 జూలైలో కాంచీపురం, వెల్లూరు జిల్లాల్లో కట్టెలు కొట్టే చోట్ల నుంచి 42 మందిని విడిపించారు. వాళ్ళలో ఒక ముసలాయన అధికారి కాళ్ళ ముందు నేలమీద పడిపోయిన ఫోటో దేశమంతా తిరిగింది. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, తర్వాత మర్చిపోయారు. ఆ ఫోటోలో నాకు కనబడింది ఒక వెన్ను. ఇస్త్రీ చొక్కా మనిషి ఎదురుగా నిలబడితే చాలు, దానంతట అది ఒరిగిపోయే వెన్ను. విడుదల పత్రం చేతికి ఇచ్చారు సరే. ఆ వెన్నును నిటారుగా నిలబెట్టే పని ఎవరిది? ఏ శాఖది? ఏ బడ్జెట్‌లో ఉంది?

ఎక్కడా లేదని అనుకోకండి. రాసి పెట్టారు, అదే నా కడుపుమంట. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. 1982 సెప్టెంబర్ 2న కేంద్ర కార్మిక శాఖ కార్యదర్శి రాష్ట్రాలకు ఒక లేఖ రాశారు. విడుదలైన వాళ్ళకు ఇల్లూ భూమీ పనీ చూపించే పునరావాసంతో పాటు మానసిక పునరావాసం కూడా పక్కపక్కనే నడవాలని అందులో ఉంది. 1984లో నీరజా చౌధరి కేసులో సుప్రీంకోర్టు ఆ లేఖను తీర్పులోకి తీసుకుంది. జస్టిస్ పి.ఎన్. భగవతి కాలపు మాట ఇది. నలభై ఏళ్ళు దాటిపోయాయి. 2011లో ఇదే తిరువళ్ళూరు జిల్లాలో ఒక్క ఇటుక బట్టీ నుంచి 500 మందికి పైగా బయటపడ్డారు, ఎక్కువమంది ఒడిశా వాళ్ళు. వాళ్ళను సొంత రాష్ట్రానికి రైలెక్కించారు. రైలెక్కించడంతో పని అయిపోయిందనుకునే దేశం మనది.

2016 పథకంలో మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ ఘోరమైన సందర్భాల్లో 3 లక్షలు అని రాశారు. మంచిదే. కానీ చేతికి వెంటనే వచ్చేది అందులో చిన్న ముక్క. మిగతాది యజమానికి శిక్ష పడడానికి ముడిపెట్టారు. అంటే ఆమె కోర్టుకు పోవాలి, మెట్లెక్కాలి, అదే మనిషి ఎదుట నిలబడాలి. గొంతు పెగలదు. తేదీలు తారుమారవుతాయి. భయంలో ముద్రపడిన జ్ఞాపకం వరుసగా ఉండదు. వాసనగా, చప్పుడుగా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ తడబాటును చూపించి అవతలి వకీలు అబద్ధమంటాడు. ఒంటికి చేసిన గాయమే ఆమె నోరు నొక్కుతుంది, నోరు పెగల్లేదని ఆమె డబ్బు ఆగిపోతుంది. ఇంత క్రూరమైన ముడి వేసినవాళ్ళు ఆ వణుకును ఒక్కసారైనా దగ్గర నుంచి చూశారా?

వైద్యం లేని జబ్బైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఉంది. జరిగిందంతా మళ్ళీ మళ్ళీ చెప్పించడంతో మొదలుపెట్టరు. ముందు అరికాళ్ళు నేలకు ఆనినట్టు తెలుసుకోవడం. మెడ నెమ్మదిగా తిప్పి గది నాలుగు మూలలా చూసి, తలుపు ఎక్కడుందో, ఎవరు ఉన్నారో, ఎవరు లేరో ఒంటికి చూపించడం. ఊపిరి వదలడాన్ని పొడిగించడం, ఎందుకంటే వదిలే ఊపిరితో గుండె నెమ్మదిస్తుంది, వేగస్ నాడి చేసే పని అది. ఎక్కడ బిగుసుకుందో గమనించడం, కొంచెం వదిలించడం, ఆపడం. బాధను ఒక్కసారి కుండెడు కాక చుక్క చుక్కగా తాకడం. పీటర్ లెవిన్ వంటివాళ్ళు దశాబ్దాలుగా ఈ దారిలో పని చేస్తున్నారు. వాన్ డెర్ కోల్క్ బృందం 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇలాంటి భయం ఒంట్లో ఉండిపోయి ఏ చికిత్సకూ లొంగని 64 మంది ఆడవాళ్ళను తీసుకున్నారు. 10 వారాలు యోగా చేసినవాళ్ళలో 52 శాతం మంది ఆ జబ్బు లెక్కలోంచి బయటపడ్డారు, చేయనివాళ్ళలో 21 శాతమే. ఆ యోగాలో టీచరు "చెయ్యి ఎత్తు" అనరు. "ఇష్టమైతే ఎత్తి చూడు, వద్దనుకుంటే వదిలెయ్" అంటారు. ముట్టుకుని సరిచేయరు. పదేళ్ళు ఒకడి కేకకు లేచి ఒకడి కేకకు పడుకున్న ఒంటికి ఆ మాట ఎంతటిదో ఆలోచించండి.

ఇందులో అన్నీ తేలిపోయాయని నేను అనను. నాడీ వ్యవస్థ గురించి స్టీఫెన్ పోర్జెస్ చెప్పిన పాలీవేగల్ సిద్ధాంతాన్ని ఒప్పుకోని శరీరధర్మ శాస్త్రవేత్తలు ఉన్నారు. లెవిన్ పద్ధతి మీద జరిగిన పరీక్షలు తక్కువే. కళ్ళ కదలికలతో చేసే ఈఎండీఆర్‌ను మాత్రం 2013లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. చర్చ జరగనివ్వండి, పరీక్షలు జరగనివ్వండి. మా జిల్లాలో జరగనివ్వండి! చెన్నైలో ఇవే ఊపిరి పాఠాలు చల్లటి గదుల్లో అమ్ముతున్నారు, ఒక గంటకు అడిగే సొమ్ము ఈమె వారం కూలికి పైనే. గాయం ఎక్కువ ఉన్నచోట మందు లేదు. మందు ఉన్నచోట అలసిన ఆఫీసు భుజాలకు పూస్తున్నారు.

"తిండికే దిక్కులేని వాళ్ళకు ఈ సోకులా?" అని చదువుకున్నవాళ్ళే నన్ను అడిగారు. తిండి వద్దని ఎవరన్నారు? భూమి ఇవ్వండి, పట్టా ఇవ్వండి, కూలి సరిగా ఇవ్వండి. ఓనరు మనుషులు ఇంకా వీధిలో తిరుగుతుంటే ఏ ఊపిరీ ఆ ఒంటిని ఒప్పించలేదు, ఒప్పించకూడదు కూడా. కానీ ఇచ్చిన మేకలను కాసుకోవాలంటే మనిషికి నిద్ర ఉండాలి. బ్యాంకులో సంతకం పెట్టాలంటే చెయ్యి వణకకూడదు. ఒళ్ళు బాగుపడకపోతే మళ్ళీ అడ్వాన్సు పట్టుకునే బట్టీకే పోతారు, ఎందుకంటే ఆ ఒంటికి తెలిసిన చోటు అదొక్కటే.

మా ఊరి ఆడవాళ్ళకు దీని సంగతి ఎంతో కొంత తెలుసనుకుంటాను. ఆడి నెలలో పక్కనే పెరియపాళయం భవానీ అమ్మన్ గుడికి జనం పోటెత్తుతారు, ఆంధ్ర నుంచి కూడా. వేపమండలు ఒంటికి కట్టుకుని ప్రదక్షిణం చేస్తారు. పంబై మోగుతుంటే కొందరికి పూనకం వస్తుంది. నిరుడు ఈమె కూడా వేపాకు కట్టుకుంది. ఒళ్ళంతా వణికింది, పక్కనున్న ఆడవాళ్ళు పడిపోకుండా పట్టుకున్నారు, పసుపు నీళ్ళు చల్లారు. ఆ రాత్రి తెల్లారే దాకా నిద్రపోయింది. అది వైద్యమని చెప్పను, రెండో రోజుకు మళ్ళీ మామూలే. పదిమంది చేతుల మధ్య, ఎవరూ కొట్టని చోట, ఆ వణుకు బయటికి పోవడానికి ఒక్క రోజు దారి దొరికింది. ఏడాదిలో 364 రోజులకు దారి చూపించాల్సిన వాళ్ళు ఏరీ?

మనుషులు కూడా ఉన్నారు. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' మొదలుపెట్టింది. ఆరోగ్య కార్యకర్తలు గడప దగ్గరికి వచ్చి బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, మాత్రలిస్తారు. ఫిజియోథెరపీ కూడా ఇంటికి వస్తుంది. ఎంత గొప్ప పని! ఆమె గుడిసెకూ వచ్చారు. బీపీ ఎక్కువుందని రాసుకున్నారు. మోకాళ్ళు వంచి చూశారు. ఆ చేతులే, ఇంకొంచెం శిక్షణ ఉంటే, అరికాళ్ళు నేలకు ఆనించడం నేర్పగలవు. ఊపిరి పొడిగించడం నేర్పగలవు. అవసరమైన వాళ్ళను పెద్ద డాక్టరు దగ్గరికి చీటీ రాసి పంపగలవు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996 నుంచీ ఉంది. బట్టీల నుంచి వచ్చిన వాళ్ళ జాబితా ఆర్.డి.ఓ. ఆఫీసులో ఉంది. ఆ జాబితా ఈ కార్యక్రమం బల్ల మీదికి చేరితే చాలు. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు, ఒక తలుపు.

మన వాళ్ళనూ అడుగుతున్నాను. 1960లో గీత గీశాక తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు అటు పోయింది. ఆ గీత దాటి కూలికి వచ్చిన మనిషి తెలుగు పత్రికకు తమిళనాడు సంగతి, తమిళ పత్రికకు బయటివాళ్ళ సంగతి. తెలుగు సంఘాలు ఉగాదికి పచ్చడి పంచుతాయి, కవి సమ్మేళనాలు పెడతాయి. బట్టీ పక్కన తెలుగులో ఏడ్చే పిల్లవాడి భాష మాత్రం వాళ్ళకు వినబడదు. ఆసుపత్రిలో ఆమె నొప్పిని తమిళంలోకి మార్చి చెప్పడానికి నేను కావలసి వచ్చింది. నేను లేని వాళ్ళ సంగతేమిటి?

విడుదల పత్రాన్ని ఆమె ప్లాస్టిక్ కవరులో పెట్టి, తలకింద దిండుగా పెట్టుకునే చీరల మూటలో దాచుకుంది. చదవడం రాదు. అందులో ఏముందో నన్ను మూడుసార్లు చదివించుకుంది. మొన్న రాత్రి ఆమె వీధిలో పెళ్ళి, ఎవరో చుట్టాలు బుల్లెట్ వేసుకొచ్చారు. పొద్దున వెళ్ళి చూస్తే గోడకు ఆనుకుని, కొడుకును ఒక చేత్తో, ఆ కవరును ఒక చేత్తో రొమ్ముకు అదుముకుని కూర్చుని ఉంది. పిలిస్తే లేచి నిలబడింది. కూర్చోమని నేను రెండుసార్లు అన్నాను.