బుక్ క్రికెట్‌లో బ్రాడ్‌మన్

ఖైతాన్‌లో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాలలో మా ఇంట బుక్ క్రికెట్ సాగుతుంది. పుస్తకం తెరిచినప్పుడు ఎడమ పుట సంఖ్యలోని చివరి అంకె ఎంతో అన్ని పరుగులు. ఎనిమిదికి పరుగు లేదు, సున్నాకు ఔటు. ఐదు అంకెలకూ సమాన అవకాశం గనుక వికెట్టుకు సగటు 12 పరుగులే. టెస్టులలో 99.94 సగటు గల బ్రాడ్‌మన్‌కూ అంతే, 4.07 గల చంద్రశేఖర్‌కూ అంతే! ఈ అన్యాయాన్ని మా అమ్మాయి సహించలేదు.

1961లో అమెరికాలో హాల్ రిచ్‌మన్ విడుదల చేసిన స్ట్రాట్-ఓ-మేటిక్ బేస్‌బాల్ ఆటలో ప్రతి ఆటగాడికీ అతని గణాంకాలను బట్టి ప్రత్యేక పట్టిక ఉంటుంది. ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. మన హైదరాబాదు అజహరుద్దీన్‌కు అటువంటిది ఇంట్లోనే వ్రాసుకొనవచ్చును. ఎరుపు, తెలుపు పాచికలు రెండింటికీ కలిపి ఫలితాలు 36. రెండూ ఆరు పడితేనే ఔటు. మిగిలిన 35 గళ్ళలో మొత్తం 45 పరుగులు పంచితే సగటు 45 అవుతుంది. అతని టెస్టు సగటు 45.03. ఫోర్లు ఎన్ని, సున్నాలు ఎన్ని అన్న వాదనలోనే అసలు రుచి ఉన్నది. దీనిని వట్టి కాలక్షేపమని కసురుకొనే తల్లిదండ్రులతో నేను ఏకీభవించను.

తొలి బంతికే అజహర్ ఔటయ్యాడు. పట్టిక తప్పన్నది అమ్మాయి. నూరు ఇన్నింగ్సులు ఆడించి లెక్క చూడమన్నాను. ఇప్పటికి ముప్పైయేడు అయినవి.