యంత్రం తిడితే బాధ్యత ఎవరిది?

'పట్టించుకోకు, బ్లాక్ చేసెయ్యి.' సామాజిక మాధ్యమాల్లో నోరు విప్పి దాడికి గురైన స్త్రీకి దొరికే సలహా ఇదే. వీధిలో వెంటబడితే తల దించుకు పొమ్మన్న పాత సలహాకి ఇది కొత్త రూపం. తిట్టేది మనిషి కాదు, 'బాట్' అనే యంత్రమని తెలిశాక ఆ సలహా మరీ గట్టిపడుతుంది. యంత్రం మీద కోపం దేనికంటారు. దానికి పితృస్వామ్యపు భాష నేర్పిందెవరు, కూలి ఇస్తున్నదెవరు అని మాత్రం అడగరు.

2019 ఎన్నికల కాలంలో 95 మంది భారత మహిళా నాయకుల గురించి వచ్చిన 1,14,716 ట్వీట్లను ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పరిశీలించింది. ప్రతి ఏడింటిలో ఒకటి కించపరిచేదో, వేధించేదో. ముస్లిం స్త్రీలకు మతదూషణ, అణగారిన కులాల స్త్రీలకు కులదూషణ అదనం. అదే ఏడాది మొదటి మూడు నెలల్లో సుమారు 219 కోట్ల నకిలీ ఖాతాలు తొలగించామని ఫేస్‌బుక్ ప్రకటించుకుంది. మరి హోండురాస్ అధ్యక్షుడికి జేజేలు కొట్టిన నకిలీ బలగాన్ని తొలగించడానికి దాదాపు ఏడాది ఎందుకు పట్టింది? 2021లో ఈ సంగతి బయటపెట్టింది ఆ కంపెనీలోనే పనిచేసిన సోఫీ ఝాంగ్ అనే స్త్రీ.

బాట్‌ని పోల్చుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. నిన్నమొన్న తెరిచిన ఖాతా, పేరు చివర అంకెల వరస, ఎక్కడో ఎత్తుకొచ్చిన ఫోటో, నిద్రాహారాలు లేని రాతలు, పది ఖాతాల్లో అక్షరం పొల్లుపోకుండా ఒకే వాక్యం. అయితే ఏ ఒక్క గుర్తూ రుజువు కాదు. ఇంట్లోవాళ్లకు భయపడి మారుపేరుతో, ఫోటో లేకుండా రాసే స్త్రీ కూడా పైకి అలాగే కనిపిస్తుంది. అందుకే 'అందరూ అసలు పేర్లే పెట్టాలి' అనే పరిష్కారాన్ని మనం ఒప్పుకోకూడదు. దానికి ముందు బలయ్యేది ఆమే. ఇంకోవైపు, తిట్టిన ప్రతివాణ్నీ బాట్ అనేస్తే రక్తమాంసాలున్న మగవాడు తప్పించుకుంటాడు.

బాట్‌తో వాదించొద్దు. జవాబిచ్చినకొద్దీ దాని రాత మరింతమందికి చేరుతుంది. బ్లాక్ చేసే ముందే తెర ఫోటో, లింకు, తేదీ, సమయం భద్రపరచాలి. ఆ తిట్లు చదివి నమోదుచేసే పని బాధితురాలి మీద వదలకుండా సంఘంలో మరొకరు తీసుకోవాలి. కంపెనీకీ, సైబర్ క్రైమ్ పోలీసులకీ సంఘం తరఫున ఫిర్యాదు వెళ్లాలి.

1992లో దూబగుంట స్త్రీలు భర్తల్ని బతిమాలుతూ కూర్చోలేదు, సారా దుకాణం మూయించారు. మనం నిలదీయాల్సింది కూడా దుకాణాన్నే.