ఇంటా బయటా: ప్రయాణానికి యే చాప?

పెరంబూరు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఆమెకు యాభై యెనిమిదేళ్ళు. నడుము నొప్పికని నాలుగేళ్ళ క్రిందట ఆసనాలు మొదలుపెట్టారట, గుణం కనిపించిందట. అయితే నెలకొకసారి యేదో ఒక వూరు వెళ్ళవలసి వస్తుంది. పుట్టింటికనో, పెళ్ళికనో, కూతురి పురిటికనో. వెళ్ళిన ప్రతిసారీ వారం పది రోజులు సాధన ఆగిపోతుంది. తిరిగి వచ్చేసరికి నొప్పి వీధి గుమ్మంలో కూర్చుని వుంటుంది. "ప్రయాణంలో వెంట తీసుకుపోవడానికి యెటువంటి యోగా మ్యాటు కొనుక్కోమంటారు? అంగట్లో చూపించినవన్నీ చూసేసరికి బుర్ర తిరిగింది" అని అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు వున్నది. యోగశాస్త్రం తెలిసి కాదు, చాప విషయంలో ఒకసారి బాగా దెబ్బతిన్నదాన్ని కాబట్టి.

మూడేళ్ళ క్రిందట మా తమ్ముడి కూతురి పెళ్ళికని నెల్లూరు వెళ్ళాం. వాడు కొత్తగా కట్టుకున్న యిల్లు. హాలు నిండా నల్లని గ్రానైటు. వంగి చూస్తే మొహం కనపడుతుంది. అందరూ లేవకముందే నాలుగు ఆసనాలు వేసుకుందామని, పడుకోవడానికి మరదలు యిచ్చిన జంబుఖానానే తీసి పరచుకున్నాను. మదరాసులో మాది పాతకాలపు సిమెంటు గచ్చు. దానిమీద అటువంటి జంబుఖానా యేనాడూ అంగుళం కదిలిన పాపాన పోలేదు. ఆ ధీమాతోనే వీరభద్రాసనానికి కాళ్ళు యెడంగా చాచాను. వెనుక కాలి క్రింది జంబుఖానా నన్ను అడగకుండా బయలుదేరింది. వీరభద్రుడు దక్షుడి యజ్ఞం ధ్వంసం చేశాడంటారు. నా విషయంలో కుడి మణికట్టుతో సరిపెట్టుకున్నాడు.

ఆరు వారాలు పిండికట్టు. ఈ వయసులో ఆడవాళ్ళ యెముకలు గుల్లబారి వుంటాయి, చెయ్యి ఆనించి పడితే మణికట్టు విరగడం మామూలేనని డాక్టరుగారు చాలా తేలికగా చెప్పారు. మేనకోడలి మీద అక్షింతలు యెడమచేత్తో వేశాను. యింటికి వచ్చాక మా వారు నాకు జడ వేశారు. నలభై యేళ్ళ కాపురంలో ఆయన మూడు పాయలు పట్టుకోవడం అదే మొదలు. అది వంకరగా వచ్చినా నవ్వుకున్నాం గాని, తరువాతి సంగతి మాత్రం నవ్వేది కాదు. కట్టు విప్పారు, భయం విప్పలేదు. చాప మీద కాలు యెడంగా పెట్టబోతే గుండె దడదడలాడేది. యేడాదిపాటు ఆసనాల జోలికి పోలేదు. ఆ యేడాదిలో నడుము బిగుసుకుపోయి, మా మెట్లు పదహారూ యెక్కడానికి రెండుచోట్ల ఆగవలసి వచ్చేది.

అందుకని యిదేదో చాపల బేరం, వేళాకోళంగా చెప్పి వదిలెయ్యవలసిన సంగతి అని నేననుకోను.

ఆలోచించి చూస్తే నేను చేసిన పొరపాటు ఒక్కటే. చాప అనేది మెత్తగా వుండటానికి అనుకున్నాను. అది జారకుండా వుండటానికి. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునే చోటు యెలా వుండాలో చెప్పిన చోట, శుభ్రమైన ప్రదేశం, స్థిరమైన ఆసనం, మరీ యెత్తూ పల్లమూ కాకూడదు, దర్భ, దానిపైన చర్మం, పైన గుడ్డ అని వర్ణన వస్తుంది. పతంజలి కూడా ఆసనానికి రెండే లక్షణాలు చెప్పాడు, స్థిరంగాను, సుఖంగాను వుండాలని. సుఖం అనే మాట రెండోది. ఆయన చెప్పినది కూర్చునే భంగిమ గురించే గాని నేను దాన్ని చాపకు అన్వయించుకున్నాను. పెద్దలు క్షమింతురు గాక.

ఈ అంటుకునే చాపలు యెంతో పురాతనమైనవని మన పిల్లలు అనుకుంటారు. కాదు. తిరుమలై కృష్ణమాచార్యులవారు మైసూరు జగన్మోహన్ ప్యాలెస్ యోగశాలలో శిష్యులను తయారుచేసిన 1930లలో అవి లేవు. వారి శిష్యులు బి.కె.ఎస్. అయ్యంగారు 1966లో అచ్చువేసిన 'లైట్ ఆన్ యోగా'లో ఆసనాలు ఉత్త నేలమీద వెయ్యకండి, చదునైన నేలపై దుప్పటి మడతపెట్టి వేసుకుని చెయ్యండి అని వ్రాశారు. తరువాత, 1980ల ప్రాంతంలో, ఐరోపాలో తివాచీ జారకుండా క్రింద వేసే రబ్బరు పొర ముక్కను కోసుకుని ఆసనాలకు వాడటం మొదలైంది. ఏంజెలా ఫార్మర్ అనే ఉపాధ్యాయిని పేరు ఈ సందర్భంలో చెబుతారు. చూశారా, పుట్టుకతోనే దాని పని జారకుండా ఆపడం! మెత్తదనం, రంగులు, పూలబొమ్మలు అన్నీ తరువాత అంగడివాళ్ళు తగిలించినవి.

కృష్ణమాచార్యులవారు 1950లలో మన మదరాసు వచ్చి, 1989లో నూరేళ్ళు నిండి కాలం చేసేవరకు యిక్కడే వున్నారు. వారి కుమారులు దేశికాచార్ 1976లో వారి పేరిట యోగమందిరం స్థాపించారు. మనిషికి తగినట్లు ఆసనాన్ని మార్చాలిగాని ఆసనానికి తగినట్లు మనిషిని వంచకూడదన్నది ఆ సంప్రదాయం. కాబట్టి మా పక్కింటి పిల్ల కొన్న చాపే మీరూ కొనాలని లేదు. ఆ పిల్లకు పాతికేళ్ళు, మోకాళ్ళు రెండూ కొత్తవి.

ఇక దుకాణంలో బుర్ర తిరగకుండా వుండటానికి నాకు తెలిసినది చెబుతాను.

పది పన్నెండు మిల్లీమీటర్ల మందాన, పరుపులాగా వుండేవి చవకగా దొరుకుతాయి. చేత్తో నొక్కితే హాయిగా వుంటుంది. వాటిమీద ఒంటికాలిమీద నిలబడి చూడండి, వృక్షాసనం కాస్తా గాలివానలో అరటిచెట్టు అవుతుంది. పాదం దిగబడితే చీలమండ నిలవదు. పైగా చుట్టినప్పుడు దిండంత లావు. ప్రయాణానికి అది మొదటే రద్దు.

మామూలుగా దొరికే నాలుగయిదు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ చాప, అంటే పి.వి.సి. చాప, యింట్లో వాడకానికి గట్టిది. చెమట పీల్చదు. మన వూరి వైశాఖంలో అయిదు నిమిషాలకే అరచేయి తడుస్తుంది, అప్పుడు అది జారుతుంది. టి.పి.ఇ. అనే రకం తేలిక; కాని మడిస్తే మడతలు నిలిచిపోయి, ఆ గీతల వెంటే చిరుగుతుంది. బెరడుతో చేసిన కార్కు చాప తడిలో బాగా పట్టుకుంటుంది గాని అది చుట్టుకునేదే గాని మడుచుకునేది కాదు.

నేను చివరికి కొన్నది సహజ రబ్బరుతో చేసినది, ఒకటిన్నర మిల్లీమీటరు మందం. దుప్పటిలాగా మడుస్తే ఇస్త్రీ చీరంత అయి సంచిలో అడుగున కూర్చుంటుంది. బరువు కిలో లోపు వుంటుందనుకున్నాను, తూస్తే కిలో దాటింది. రబ్బరు బరువే, దానికి తప్పదు. ఖరీదు రెండు వేల పైచిలుకు అయింది. మా వారు "పట్టుచీర కొన్నప్పుడు కూడా యింతసేపు నేలమీద పరిచి చూడలేదే" అన్నారు. పట్టుచీర జారితే యెముక విరగదు గదా అన్నాను. రబ్బరు పాలు పడని శరీరాలు కొన్ని వుంటాయి, దద్దుర్లు వస్తాయి. బెలూన్ వూదినప్పుడో, రబ్బరు తొడుగులు వేసుకున్నప్పుడో దురద పెట్టే అలవాటు వున్నవారు దీన్ని ముట్టుకోవద్దు. కొత్తలో వాసన వుంటుంది. వారం రోజులు నీడలో ఆరవేస్తే పోతుంది.

ఒకటిన్నర మిల్లీమీటర్ల చాపమీద మోకాలు ఆనిస్తే నేల తెలుస్తుంది, నిజమే. అక్కడే మనవాళ్ళకు ఒక సౌకర్యం వున్నది. తెలుగువాళ్ళ యింటికి చుట్టంగా వెళితే అన్నం పెట్టినంత తప్పనిసరిగా పడుకోవడానికి ఒక బొంతో, దుప్పటో, జంబుఖానానో యిస్తారు. మెత్తదనం యే వూళ్ళోనయినా దొరుకుతుంది. దొరకనిది నేలమీద పట్టు. కాబట్టి పట్టును మనం మోసుకుపోవాలి, మెత్తదనాన్ని చుట్టాలకు వదిలెయ్యాలి.

అయితే వరస మారకూడదు. చాప నేలకు, బొంత మోకాలికి. జంబుఖానా క్రింద వేసి రబ్బరు చాప పైన వేస్తే రెండూ కలిసి వూరేగుతాయి. రబ్బరు చాప నేరుగా నేలకు తగలాలి. మోకాలు ఆనించే ఆసనాలప్పుడు దుప్పటిని నాలుగు మడతలు పెట్టి దానిపైన వేసుకోవాలి. నిలబడే ఆసనాలప్పుడు దుప్పటి తీసి పక్కన పెట్టాలి. పెళ్ళివారి యిల్లయితే యింకో సంగతి. నేలమీద పసుపు, బియ్యపు పిండి, ముగ్గుపొడి, పూలరేకులు వుంటాయి. యెంత ఖరీదు చాపయినా పొడిమీద జారుతుంది. ముందు తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పరచండి. రెండు అరచేతులూ ఆనించి ముందుకు గట్టిగా తోసి చూడండి. కదిలిందా, ఆ పూటకు కూర్చుని చేసేవే చేసుకోండి.

తుంగచాప మాటేమిటని మా అత్తగారి తరంవారు అడుగుతారు. తిరునెల్వేలి జిల్లా పత్తమడైలో కోరగడ్డిని సన్నగా చీల్చి నేసే చాపలు పట్టులాగా వుంటాయి. శవాసనానికి అంతకన్న చల్లని సుఖం లేదు. నున్నని పలకరాళ్ళ మీద నిలబడటానికి మాత్రం పనికిరాదు. భవానీ జంబుఖానా మీద నాకు కోపం లేదు. రబ్బరు చాపపైన పరిస్తే అది చెమట పీల్చుకుంటుంది, కొద్దిగా నీళ్ళు చిలకరిస్తే పట్టు యింకా బాగుంటుంది. తప్పు దానిది కాదు, దాన్ని గ్రానైటు మీద ఒంటరిగా వదిలిన నాది.

విమానంలో వెళ్ళేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. యోగా చాప వెడల్పు సాధారణంగా 24 అంగుళాలు, అంటే 61 సెంటీమీటర్లు. చుట్టితే ఆ కట్ట పొడవు అంతే వుంటుంది. మనదేశపు విమానాలలో చేతిసంచికి 55 సెంటీమీటర్ల పొడవు, 7 కిలోల బరువు అన్నది మామూలు నిబంధన. భుజాన తగిలించుకున్న చాపచుట్ట దాన్ని దాటిపోతుంది. చాలాసార్లు చూసీ చూడనట్లు వదిలేస్తారు, ఒక్కొక్కసారి వదలరు. అప్పుడు వరుసలో వెనుక పాతికమంది చూస్తూ వుండగా చాపతో వాదించవలసి వస్తుంది. మడిచేదయితే ఈ బాధ లేదు. రైలులో యే చాపయినా ఒకటే. కాని పినాకిని యెక్స్‌ప్రెస్‌లో సీట్ల మధ్య ఆసనాలు వేసే ఒక పెద్దమనిషిని చూశాను. బండి కుదుపుకు ఆయనకు యేమీ కాలేదు, పక్కనున్నాయన ఇడ్లీ పొట్లానికి అయింది.

మడిచేటప్పుడు చేతులు ఆనించే వైపు లోపలికి పడేలా ముందు సగానికి మడవండి. నేలను తాకిన వైపు బయట వుంటుంది, దుమ్ము పై వైపుకు అంటదు. పాత చీర చెంగుతో ఒక సంచి కుట్టుకుంటే చాలు. వూరినుంచి రాగానే తీసి, తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరవెయ్యండి. మేడమీద యెండలో వడియాలతో పాటు ఆరవేస్తే రెండు వేసవులకు బీటలు వారుతుంది. కారు డిక్కీలో వదిలినా అంతే.

2025 జూన్ 21న విశాఖ సముద్రతీరాన మూడు లక్షల మంది ఒక్కసారి ఆసనాలు వేశారు. ఆ దృశ్యం టెలివిజనులో చూస్తూ నేను మనుషులకన్న వాళ్ళ కాళ్ళక్రింది చాపలనే యెక్కువగా చూశాను. దెబ్బతిన్న కళ్ళు అలాగే చూస్తాయి కాబోలు.

పెరంబూరు సోదరికి: మీ యెత్తు అయిదడుగుల ఆరంగుళాలన్నారు, 68 అంగుళాల చాప మీకు సరిపోతుంది, 72 అంగుళాలది మొయ్యనక్కరలేదు. దుకాణంలో అరచెయ్యి కొద్దిగా తడిచేసుకుని ఆనించి చూడండి. అంగడివాడు నవ్వితే నవ్వనివ్వండి. మీ అమ్మగారింటి నేల యెటువంటిదో ఉత్తరంలో వ్రాయలేదు. ఈసారి వెళ్ళినప్పుడు అది ముందు చూసుకోండి. నేను వచ్చే నెల మా మేనకోడలి బిడ్డ నామకరణానికి నెల్లూరు వెళుతున్నాను. అదే యిల్లు, అదే గ్రానైటు. చాప మడిచి సంచిలో పెట్టాను. వీరభద్రాసనం అక్కడ వెయ్యడమా మానడమా అన్నది మాత్రం ఆ తెల్లవారుజామున నిర్ణయించుకుంటాను.