స్టేషన్ ముందు నిలబడ్డవాళ్లు

2025 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ ముందరి కమానుల్ని యంత్రాలు పెట్టి పడగొట్టారు. ఆ వీడియోలు ఫోన్లలో తిరిగిన రెండు మూడు రోజుల్లోనే నాకు తెలిసిన ఎన్నో ఇళ్లలో బీరువా పైఅరలో ఉండే ఆల్బమ్‌లు కిందికి దిగాయి. అమీర్‌పేట, పంజగుట్ట, బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ... ఈ చుట్టుపక్కల కాపురాలు చాలావరకు ఏదో ఒక ఊళ్లో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, పెట్టెలు మోసుకుంటూ వచ్చి స్థిరపడినవే. చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోల మీద ఫొటోలు వచ్చిపడ్డాయి. కొత్తగా కాపురానికి వచ్చిన జంట. బొంబాయి వెళ్లి దుబాయి విమానం ఎక్కబోతున్న తమ్ముడు. ఎన్‌సీసీ క్యాంపుకి బయల్దేరిన అక్కయ్య. తిరుపతి నుంచి గుండుతో తిరిగొచ్చిన పిల్లాడు. అందరి వెనకా ఆ కమానులే.

అవన్నీ చూశాక నాకు గట్టిగా అనిపించిన మాట ఇది. ఆ స్టేషన్ చరిత్ర రైల్వే దస్తావేజుల్లో ఎంత ఉందో మన బీరువాల్లోనూ అంత ఉంది. దస్తావేజులకు కాపలా ఉంటుంది, బీరువాలకు ఉండదు. పాత ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చిన రోజునో, పెద్దవాళ్లు పోయిన ఏడాదిలోపో ఆ ఆల్బమ్‌లు పాత పేపర్లతో కలిసి తూకానికి వెళ్లిపోతున్నాయి. రైల్వే వాళ్లు పిలిచి అడగాలి, మనం తీసుకెళ్లి ఇవ్వాలి. కట్టడం ఎలాగూ దక్కలేదు. ఈ పనైనా ఇక వాయిదా పడకూడదు.

మా వీధిలో ఒక పెద్దావిడ నాకొక ఫొటో చూపించారు. అరచేతిలో పట్టేంత చదరపు నలుపు తెలుపు ఫొటో, అంచులు వంకర టింకరగా కత్తిరించి ఉన్నాయి. పెళ్లయిన కొత్తల్లో ఆవిడ, ఆవిడ భర్త. ఆయన చేయి తోలు పట్టీలు బిగించిన హోల్డాల్ మీద, ఆవిడ చేతిలో మరచెంబు. కాళ్ల దగ్గర ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో పేరూ ఊరూ. వెనక సగం కమాను. కుడివైపు అంచున ఒక కూలీ చేయి మాత్రం పడింది, ఆ చేతికి ఇత్తడి బిళ్ల. ఎడమవైపు రిక్షా చక్రం. తీసింది ఆవిడ తమ్ముడట, ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో. "స్టేషనుందని నేనెప్పుడూ చూడలేదు నాయనా. ఇన్నేళ్లూ మీ బాబాయిగారి మొహమే చూసుకున్నా. ఇప్పుడు ఆయనా లేరు, అదీ లేదు" అన్నారు ఆవిడ.

ఫొటో వెనక్కి తిప్పి చూశాను. ఊదారంగు సిరాతో స్టూడియో ముద్ర, అదీ సగం చెరిగిపోయింది. తేదీ లేదు. "పెద్దాడు పుట్టకముందు" అన్న ఒక్క ఆనవాలుతో సంవత్సరం లెక్కగట్టాం. ఆవిడ పక్కన కూర్చుని చెప్పారు కాబట్టి అదైనా తెలిసింది. ఇంకో పదేళ్ల తరవాత ఆ ఫొటో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికితే, అందులో ఉన్నదెవరో, ఏ ఊరి స్టేషనో చెప్పగలిగేవాళ్లు ఎవరుంటారు?

పాతరోజుల స్టేషన్ ఫొటోలు ఇంత తక్కువగా ఉండటానికి కారణం ఆ కెమెరాలోనే ఉంది. క్లిక్ త్రీలో ఒక రీలుకి పన్నెండు ఫొటోలు. కడిగించడానికి, ప్రింటు వేయించడానికి మళ్లీ డబ్బులు. మనుషుల్ని వదిలేసి గోడలకో కమానుకో ఒక ఫొటో ఖర్చుపెట్టే స్తోమత మధ్యతరగతి ఇంటికి ఎక్కడిది? దానికి తోడు, స్టేషన్లో ఫొటో తీస్తే రైల్వే పోలీసులు ఏమంటారోనన్న భయం. అందుకే ప్లాట్‌ఫాం మీద తీసినవి అరుదు, బయట మెట్ల దగ్గర, ఆటోల వాకిట్లో తీసినవే ఎక్కువ. ఇక రైల్వే వాళ్ల దగ్గరుండే ఫొటోల్లో ప్రారంభోత్సవాలు, దండలు, రిబ్బన్లు, కొత్త ఇంజన్లు. మరచెంబు పట్టుకున్న కొత్త కోడలు వాటిలో కనిపించదు.

ఇంతకీ ఆ స్టేషన్ వయసెంత? వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి రైలు మార్గం 1874లో పూర్తయింది. బొంబాయి - మద్రాసు మార్గానికి హైదరాబాద్ రాజ్యాన్ని కలిపిన దారి అది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అప్పటికి చిన్నపిల్లాడు, పరిపాలన మొదటి సాలార్‌జంగ్ చేతుల్లో ఉండేది. 1889 నాటికి పట్టాలు బెజవాడ చేరాయి. తరవాత ఈ మార్గాన్ని నడిపిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1930లో నేరుగా నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. రెండేళ్లకే, 1932లో, ఆ రైల్వే శాఖే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఇవాళ అమీర్‌పేట చౌరస్తాలో ఆగే ఆర్టీసీ బస్సు వంశవృక్షం అక్కడికే పోతుంది. 1951లో ఈ రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. మొన్న కూలిన ముందుభాగం ఇన్ని చేతులు మారడం చూసిన స్టేషన్‌ది.

ఆ వాడి మార్గం మీదిదే మన బేగంపేట. అమీర్‌పేటకి, పంజగుట్టకి దగ్గరి స్టేషన్ అంటే చాలాకాలం అదే, లేదంటే ఖైరతాబాద్. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కోస్తా జిల్లాల నుంచి ఎంతమంది వచ్చి తెల్లవారుజామున బేగంపేటలో దిగి ఉంటారు! చేతిలో ఊరగాయ సీసా, చంకలో సర్టిఫికెట్ల ఫైలు. సూర్యుడు పైకొచ్చేలోగా అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో హాస్టల్ వెతుక్కుని, ఆ సాయంత్రమే జావా కోర్సుకో ఒరాకిల్ కోర్సుకో డబ్బు కట్టిన పిల్లలు వాళ్లు. నిమ్స్ ఆసుపత్రికి వచ్చిన రోగులు, వాళ్ల వెంట దుప్పటి మూటలతో వచ్చిన అన్నదమ్ములు ఖైరతాబాద్‌లో దిగేవాళ్లు. వీళ్లకీ ఫొటోలు లేవు. అంత హడావిడిలో, అంత దిగుల్లో ఎవరు తీస్తారు?

కొత్త స్టేషన్ వద్దనే వాదన నాది కాదు. పండగ ముందురోజు సికింద్రాబాద్ పాదచారుల వంతెన మీద చంటిబిడ్డతో ఇరుక్కుపోయినవాళ్లు ఎవరూ అలా అనరు. 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేసిన పని అది, ఖర్చు సుమారు 700 కోట్లు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచి కొన్ని రైళ్లను అక్కడికి పంపారు. ఇవన్నీ కావలసినవే. కానీ ఆ ముందుభాగాన్ని నిలబెట్టి వెనక ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న జనం మధ్యకు రావలసినంత రాలేదన్నది నా అభిప్రాయం. పడగొట్టాక అందరం బాధపడ్డాం. ఆ బాధ రెండేళ్ల ముందు పడి ఉంటే ఉపయోగం ఉండేది.

పంజగుట్టలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. నవాబు ఫక్రుల్‌ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ భవనాన్ని తీసేసి అసెంబ్లీ కడతామని 2019లో ప్రభుత్వం నిర్ణయించింది. జనం కోర్టుకెక్కారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. భవనం ఇంకా పాడుబడుతూనే ఉంది, నిజమే, కానీ నిలబడి ఉంది. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్‌ని 1963లో కూల్చడం మొదలుపెట్టినప్పుడు అక్కడివాళ్లకీ ఇలాగే కడుపు మండింది. ఆ మంట చల్లారకముందే, 1965లో, నగరంలోని చారిత్రక కట్టడాలను కాపాడే చట్టం తెచ్చుకున్నారు. తరవాత గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ జోలికి పోబోతే ఆ చట్టమే అడ్డం నిలిచింది. మన కోపం ఒక వారం స్టేటస్‌లు పెట్టి ఆగిపోయింది.

పెద్ద స్టేషన్ పోతే ఏడ్చేవాళ్లయినా ఉన్నారు. నాకు అంతకన్నా బెంగ చిన్న హాల్టుల గురించి. బల్కంపేట పక్కన ప్రకృతి చికిత్సాలయం దగ్గర నేచర్ క్యూర్ హాస్పిటల్ అని ఒక ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్ ఉంది. ఒక షెడ్డు, ఒక టికెట్ గది, రెండు బెంచీలు, ఒక బోర్డు. 2003 ఆగస్టులో లోకల్ రైళ్లు మొదలైన కొత్తల్లో దాన్ని చూసి మా పేటకీ స్టేషన్ వచ్చిందని మురిసిపోయినవాళ్లున్నారు. 2020 మార్చిలో కరోనాకి లోకల్ రైళ్లు ఆపేస్తే 2021 జూన్ దాకా మళ్లీ తిరగలేదు. పదిహేను నెలలు మూతబడ్డ ఆ స్టేషన్లకి ఎవరైనా ఒక్క ఫొటో తీశారా? ఆ మధ్యలో జేబులో కెమెరా లేని మనిషి ఈ పేటలో లేడు. బేగంపేట పాత రూపమూ పోయింది. 2025 మే 22న కొత్త భవనం ప్రారంభమైంది. బాగుంది, శుభ్రంగా ఉంది. పాత టికెట్ కిటికీ ఎక్కడుండేదో, వేపచెట్టు ఏ వైపుండేదో చూపించే ఫొటో మీ దగ్గరుంటే మాత్రం జాగ్రత్తగా దాచండి.

స్టేషన్ మొత్తానికి మొత్తంగా మాయమవడం మన నేల మీద కొత్తేం కాదు. కాకినాడ - కోటిపల్లి లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీకేశారు. మళ్లీ రైలు తిరిగింది 2004లో. మధ్యలో రెండు తరాలు ఆ కట్ట మీద పశువుల్ని తోలాయి. అక్కడ స్టేషన్ ఉండేదని తాతలు నోటితో చెబితేనే మనవలకు తెలిసింది.

ఫొటో దాచడం వేరు, దాని కథ దాచడం వేరు. ఆ తేడా చూడాలంటే రాజా దీన్‌దయాళ్‌ని చూడాలి. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరై, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన మనిషి. 1905లో చనిపోయాడు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో తీసుకుంది. ఆయన ప్రింట్ల మీద నంబరు, ఫలానా చోటని పేరు రాసి ఉండటం వల్లే ఇవాళ చరిత్రకారులు వాటితో మాట్లాడగలుగుతున్నారు. మనకి గాజు పలకలు అక్కర్లేదు, ఒక మెత్తటి పెన్సిల్ చాలు. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి, సిరా ఊరుతుంది. ఎవరు, ఎక్కడ, సుమారు ఏ సంవత్సరం, తీసిందెవరు, ఇంతే రాయండి. ఎనభైలలో అందరం కొన్న జిగురు పేజీల ఆల్బమ్‌లుంటాయే, వాటిలోంచి ఫొటోల్ని మెల్లగా తీసేయండి, ఆ జిగురు వాటిని తినేస్తుంది. లామినేషన్ చేయించొద్దు. రంగు ఫొటోలు ఎర్రబారకముందే స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో పంపిన కాపీయే మిగిలితే అందులో ట్రంకు పెట్టె మీది అక్షరాలు చదవలేం.

ఇక దక్షిణ మధ్య రైల్వేని అడిగేది. కాచిగూడ స్టేషన్లో మీకు రైల్వే మ్యూజియం ఉంది. కొత్త సికింద్రాబాద్ స్టేషన్లో చదరపు గజాలకు కొదవలేదు. ఒక గోడ, ఒకే ఒక్క పొడవాటి గోడ, ఆ పాత స్టేషన్ ముందు నిలబడి ఫొటో తీయించుకున్నవాళ్లకు ఇవ్వండి. పెద్ద మనుషుల ఫొటోలు వేరే చోట పెట్టుకోండి. సేకరణకు మీ ప్రధాన కార్యాలయం రైల్ నిలయానికి రమ్మని ప్రకటన ఇస్తే ఎనభై ఏళ్లవాళ్లు రాలేరు. మెట్రో వాళ్లతో మాట్లాడి, రెండు లైన్లు కలిసే అమీర్‌పేట స్టేషన్లో ఆదివారాలు ఒక బల్ల, ఒక మంచి స్కానర్ పెట్టి, ఓపిగ్గా వినే ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. మనవడి చేయి పట్టుకుని లిఫ్టులో వస్తారు. ఫొటో అక్కడికక్కడే వాళ్ల చేతికి తిరిగిచ్చేయాలి, స్కాన్ మాత్రమే మీరు ఉంచుకోవాలి. ఆ కూలీ చేయి ఎవరిదో, ఆ రిక్షా ఎవరిదో గుర్తుపట్టేవాళ్లు ఆ వరసలో వెనక నిలబడి ఉండొచ్చు, వాళ్లు చెప్పేదీ రాసుకోవాలి. కొత్త స్టేషన్ ప్రారంభోత్సవం తేదీ ఖరారు కాకముందే ఈ బల్ల వేయాలి.