సేవ్ కొట్టగానే ఊడ్చేసే ప్లగిన్లు

కోడ్ లైన్ల చివర కనపడకుండా కూర్చునే స్పేసులంటే నాకూ చిరాకే. ముందే చెప్పేస్తున్నా, లేకపోతే కింద చదివి "వీడికి శుభ్రతంటే పడదు" అనుకుంటారు. కానీ సేవ్ కొట్టగానే ఫైలు మొత్తం ఊడ్చేసే ప్లగిన్లంటే అంతకంటే ఎక్కువ చిరాకు.

ఇదేం కొత్త సౌకర్యం కాదు. ఈమాక్స్ వాళ్ళు సేవ్ కి ముందు నడిచేలా ఒక ఫంక్షన్ తగిలిస్తారు, విమ్ వాళ్ళు ఒక్క లైను ఆటోకమాండ్ తో కానిచ్చేస్తారు. వీఎస్ కోడ్ లో సెట్టింగ్స్ లో ఒక టిక్కు చాలు. అది మామూలుగా ఆఫ్ లోనే ఉంటుంది, మనవాళ్ళే ఎక్కడో చదివి ఆన్ చేస్తారు.

కొత్త ప్రాజెక్టయితే మొదటి రోజునించే పెట్టుకోండి, గొడవే లేదు. కానీ మనలో ఎంతమందిమి కొత్త ప్రాజెక్టుల మీద ఉన్నాం చెప్పండి? నేనైతే ఎప్పుడో ఎవరో రాసి, నాలుగు చేతులు మారిన కోడ్ ని మెయింటెయిన్ చేస్తున్నా.

ఆమధ్య మా టీమ్ లో ఒకతను రెండు లైన్ల ఫిక్స్ రివ్యూకి పంపాడు. తెరిస్తే నాలుగొందల చిల్లర లైన్లు, ఎర్రగా పచ్చగా! "ఏం తమ్ముడూ, ఫైలంతా తిరగరాశావా?" అంటే "లేదన్నా, నేను మార్చింది రెండే, మిగతాది ఎడిటరే చేసుకుంది" అన్నాడు. పెళ్ళి పందిరి బయట మన చెప్పులు వెతుక్కున్నట్టు ఆ రెండు లైన్లూ వెతుక్కోవాలి. ఓపిక లేనివాడు ఏం చేస్తాడు? రెండు పేజీలు కిందికి జరిపి "బాగుంది" అని అప్రూవ్ కొట్టేస్తాడు. ఆ గుంపులో ఒక బగ్ దూరితే పట్టుకునే నాథుడుండడు. నా అసలు బాధ ఇదే.

గిట్ డిఫ్ కి మైనస్ డబ్ల్యూ ఇవ్వొచ్చుగా అంటారు. ఇవ్వొచ్చు. కాకపోతే అది ఖాళీల తేడాలన్నీ దాచేస్తుంది. పైథాన్ లో ఒక స్టేట్‌మెంటు ఇఫ్ లోపల్నించి బయటికొచ్చినా మీకు కనపడదు! లైను చివరి ఖాళీల్ని మాత్రమే వదిలేసే ఆప్షన్ ఇంకోటుంది, దాని పేరు గుర్తున్నవాణ్ణి నేనింకా చూడలేదు.

ఇక బ్లేమ్ సంగతి. ఈ లైను ఎవరు, ఎందుకు రాశారా అని చూస్తే ప్లగిన్ పెట్టుకున్నవాడి పేరొస్తుంది. 2019లో వచ్చిన గిట్ 2.23 నించి కొన్ని కమిట్లని బ్లేమ్ లో వదిలెయ్యమని ఒక ఫైల్లో రాసిపెట్టొచ్చు. అయితే ఊడ్చే పని విడి కమిట్ గా చేస్తేనే అది పనికొస్తుంది. బగ్ ఫిక్స్ తో కలిపేస్తే ఇక అంతే.

అన్నట్టు, అన్ని ఖాళీలూ చెత్త కాదు. మార్క్‌డౌన్ లో లైను చివర రెండు స్పేసులుంటే అక్కడ లైను విరగ్గొట్టమని అర్థం. ఆ సంగతి ఈ చీపురుకి తెలీదు.

ఈమాక్స్ కి డబ్ల్యూఎస్ బట్లర్ అని ఒకటుంది, మనం ముట్టుకున్న లైన్లని మాత్రమే శుభ్రం చేస్తుంది. విమ్ లో బెటర్ వైట్‌స్పేస్ ప్లగిన్ కీ అలాంటి ఆప్షన్ ఉంది, నేను వాడేది అదే. వీఎస్ కోడ్ టిక్కు మాత్రం ఫైలు మొత్తం మీద పడుతుంది కాబట్టి, మా పాత ప్రాజెక్టు వరకూ వర్క్‌స్పేస్ సెట్టింగ్స్ లో దాన్ని ఆఫ్ చేయించాను. మా తమ్ముడు ఇంకా కొంచెం అలిగే ఉన్నాడు.