కిటికీలో రక్తపిశాచి

మా రెండోవాడికి పదేళ్లు. వాడి దిండు కింద ఒక పుస్తకం దొరికిందని మా అమ్మ నా దగ్గరికి ఫిర్యాదు తెచ్చింది. అట్టమీద కోరపళ్ల కుర్రవాడి బొమ్మ. "దీపాలు పెట్టేవేళ ఇంట్లో ఇవేం బొమ్మలురా? పైగా నువ్వు పదిమందికి పాఠాలు చెప్పేవాడివి కూడాను!" అంది. నేరం ఎవరిదైనా చీవాట్లు నాకు పడడం మా ఇంటి ఆచారం. మీ ఇళ్లలో ఎలాగో నాకు తెలియదు.

పుస్తకం జప్తు చేశాను. చదవకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు గదా అని, రాత్రి అందరూ పడుకున్నాక రెండు పేజీలు తిరగేద్దామని కూచున్నాను. ఒంటిగంట దాకా లేవలేదు.

ఆంగెలా సోమర్-బోడెన్‌బుర్గ్ అనే జర్మను రచయిత్రి 1979లో ప్రచురించిన 'చిన్న రక్తపిశాచి'కి ఇంగ్లీషు అనువాదమది. ఆవిడ అప్పట్లో హాంబర్గులో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మ. కథలో అంటోన్ అనే పిల్లవాడికి దయ్యాల కథలంటే ప్రాణం. ఒక శనివారం సాయంత్రం అమ్మా నాన్నా బయటికి వెళ్లగా, వాడి కిటికీలో ఒకడు వచ్చి కూచుంటాడు. పేరు రూడిగర్. రక్తపిశాచే కాని పిల్లపిశాచి. చచ్చిపోయి ఎన్నేళ్లయినా ఇంకా చిన్నవాడే. వాడిచ్చిన ముక్కకంపు అంగీ కప్పుకుంటే అంటోన్ కూడా గాలిలో ఎగరగలడు. వాడి చెల్లెలు అన్నాకు ఇంకా కోరలు రాలేదు. అందుచేత పాలు తాగి కాలక్షేపం చేస్తుంది! 1897 నాటి డ్రాక్యులా ప్రభువు వంశంలో ఇంత సాధుప్రాణి పుడుతుందని ఎవరనుకుంటారు?

మన భేతాళుడి సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. 1870లో బర్టన్ దొరగారు ఆ కథల్ని ఇంగ్లీషులో చెబుతూ అతగాణ్ణి 'వాంపైర్' చేసేశారు. పాపం, భేతాళుడు విక్రమార్కుడి బుర్ర తిన్నాడేగాని నెత్తురు చుక్క ముట్టలేదు.

అయితే నన్ను భయపెట్టినది పిశాచులు కాదు, అంటోన్ తల్లిదండ్రులు. మంచివాళ్లే. పిల్లవాడు ఉన్నమాట చెబితే మాత్రం, అదంతా పుస్తకాల పిచ్చి అని కొట్టిపారేస్తారు.

అక్కడ నా చెయ్యి ఆగింది. పదిరోజుల కిందట మావాడు నా బల్ల దగ్గరికి వచ్చి, "నాన్నా, రాత్రిళ్లు మనింట్లో ఎవరో ఏడుస్తున్నారు" అన్నాడు. "దయ్యాల కథలు చదివేవాళ్లకు అలాగే వినిపిస్తుంది, పోయి పడుకో" అని కసిరాను. వాడు ఇంకేదో చెప్పబోయి, చెప్పకుండా వెళ్లిపోయాడు.

పుస్తకం మూసి, చప్పుడు కాకుండా నడవాలోకి వెళ్లాను. అమ్మ గదిలో సన్నగా మూలుగు. తలుపు తోస్తే, మంచంమీద మోకాలు పట్టుకుని కూచుని ఉంది. నన్ను చూసి గబగబా కళ్లు తుడుచుకుంది.

"ఎన్నాళ్లనుంచమ్మా?"

"సంక్రాంతి వెళ్లినప్పటి నుంచీ. నీకు పేపర్లు దిద్దుకునే రోజులు గదా అని..."

"పిల్లవాడికి వినిపించిందిటే!"

"వాడు రోజూ వచ్చి అమృతాంజనం రాసి పోతున్నాడురా. నా పేరెత్తి ఎవరితోనూ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను."

వెధవ, ఒట్టు తప్పలేదు. 'ఎవరో' అన్నాడు.

మర్నాడు కాలేజీకి సెలవుపెట్టి అమ్మను డాక్టరుకు చూపించాను. కీళ్లు అరిగాయన్నాడు; మందులిచ్చాడు, కొంత నయం. పుస్తకం వాడి చేతికిచ్చేస్తే, నా మొహంకేసి అనుమానంగా చూసి తీసుకున్నాడు.

నిన్న రాత్రి అమ్మ గదిలోనుంచి మాటలు వినబడ్డాయి. వాడు ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసి చదువుతున్నాడు. కొంతసేపటికి మా అమ్మ గొంతు:

"అది సరేగాని నాన్నా, ఆ పాలుతాగే పిల్లకు చివరికి కోరలు వచ్చాయా, లేదా?"