మ్యూజియానికి కాలిబాట

ఏటి ఒడ్డున నిలిచి ఆవలి గట్టుకు చేరలేక వేచి ఉన్న మనిషి అవసరం నుండి వంతెన పుట్టింది. నాగావళి, వంశధార, చంపావతి నదులు ప్రవహించే శ్రీకాకుళం, విజయనగరం సీమల ప్రజలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. వేసవిలో ఇసుకలో నడిచి దాటిన ఏరే శ్రావణ భాద్రపదాలలో ఊరిని లోకం నుండి విడదీస్తుంది. అటువంటి చోట వంతెన అంటే బడి, ఆసుపత్రి, సంత. మరి కేవలం పాదచారుల కొరకు, అదీ ఒక కళాప్రదర్శనశాలకు చేరడానికి, విస్తారంగా ధనం వెచ్చించి తీగల వంతెన నిర్మించడం సమంజసమేనా?

అమెరికాలోని మిల్వాకీ నగరంలో 2001లో అటువంటి వంతెన వెలసింది. మిషిగన్ సరస్సు తీరాన ఉన్న అక్కడి కళామ్యూజియానికి స్పెయిన్ దేశపు వాస్తుశిల్పి సాంటియాగో కలట్రావా ఒక నూతన భవనాన్ని రూపొందించాడు. ఆ భవనం పైకప్పు మీద పక్షి రెక్కల వలె తెరుచుకొని ముడుచుకొనే ఉక్కు నిర్మాణం ఉంది. గాలి ఉద్ధృతి పెరిగితే ఆ రెక్కలు వాటంతట అవే ముడుచుకొంటాయి. చూడవచ్చినవారి కన్ను మొదట వాటి మీదనే పడుతుంది. కాని ఆ నిర్మాణంలో అసలు వివేకం వంతెనలో ఉంది. నగర వీధులకూ సరస్సుకూ నడుమ వాహనాలు ఎడతెగక సాగే రహదారి ఒకటి అడ్డంగా ఉంది. నగరపు ప్రధాన వీధి చివర నుండి బయలుదేరిన పాదచారి ఆ రహదారికి పైగా, దేనికీ ఆగకుండా, మ్యూజియం ముంగిటికి నడిచిపోవచ్చు. కారున్నవానికే కాక కాళ్ళున్న ప్రతివానికీ ఆ కళాసంపద అందుబాటులోకి వచ్చింది.

తీగల వంతెన పనితీరు కళింగపట్నం తీరవాసులకు కొత్తగా తోచదు. వేలాడే వంతెనలో రెండు స్తంభాల నడుమ జారుగా వేలాడే పెద్ద తీగ నుండి చిన్న తీగలు దిగి దారిని మోస్తాయి. తీగల వంతెనలో అట్లా కాదు. స్తంభం నుండి వాలుగా దిగిన తీగలు నేరుగా దారిని పట్టి ఉంచుతాయి. పడవలో తెరచాప కొయ్యకు బిగించిన తాళ్ళను తలచుకొంటే చాలు. మిల్వాకీ వంతెనకు స్తంభం ఒక్కటే, అదీ ఏటవాలుగా ఒరిగినది.

ఇంత సొగసుకు మూల్యమూ చెల్లించవలసి వచ్చింది. నిర్మాణవ్యయం తొలి అంచనాను బాగా మించిపోగా, ఆ సంస్థ కొన్నేళ్ళపాటు ఋణభారం మోసింది. లండన్‌లో థేమ్స్ నది మీదుగా టేట్ మోడర్న్ కళాప్రదర్శనశాలకు చేర్చే మిలీనియం వంతెన కథ ఇంకొక తీరు. 2000 జూన్‌లో ప్రారంభమైన ఆ వంతెన జనం నడకకే పక్కలకు ఊగసాగింది. ఊగుతున్న దారి మీద నిలదొక్కుకోవడానికి అందరూ తెలియకుండానే ఒకే లయలో అడుగులు వేశారు. దానితో ఊపు మరింత హెచ్చింది. రెండు రోజులకే మూసివేసి, ఊపును అణచే సాధనాలు అమర్చి, తిరిగి 2002లో తెరిచారు. కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు. 2022 అక్టోబరులో గుజరాత్‌లోని మోర్బీలో మరమ్మతుల తరువాత తెరిచిన కొద్దిరోజులకే వేలాడే వంతెన కూలి 135 మంది మరణించిన దారుణం దీనికి సాక్ష్యం. ఉప్పుగాలి వీచే తీరంలో ఉక్కుతీగను నమ్ముకొనేవారు ఏటేటా దాని యోగక్షేమాలు విచారించక తప్పదు.

హైదరాబాదులో దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో ప్రారంభమైంది. ప్రధానంగా వాహనాల కొరకు కట్టినా, దానిని నడిచి చూడాలని జనం తరలివచ్చారు. వారాంతాలలో వాహనాలను నిలిపి దారిని వారికి వదలవలసి వచ్చింది. నడవడానికి అందమైన చోటు దొరికితే తెలుగువారు నడుస్తారు!

ఇక శాలిహుండం. శ్రీకాకుళానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, వంశధార దక్షిణ తీరాన, కొండ మీద ఉన్న బౌద్ధక్షేత్రమిది. 1919లో గిడుగు వెంకట రామమూర్తి దీనిని వెలుగులోకి తెచ్చారు. తవ్వకాలలో స్తూపాలు, చైత్యగృహాలు, బ్రాహ్మీ శాసనాలు బయల్పడ్డాయి. తార, మారీచి మొదలైన దేవతల శిల్పాలూ లభించాయి. శతాబ్దాల తరబడి బౌద్ధం ఒక శాఖ నుండి మరొక శాఖగా మారిన తీరును ఒకే కొండ మీద చదువుకోవచ్చు. శిల్పాలకు అక్కడనే చిన్న ప్రదర్శనశాల ఏర్పడింది. విదేశీ వంతెనల చిత్రాలు చూచినవారికి ఇటువంటి చోట కూడ ఒక తీగల వంతెన వెలిస్తే యాత్రికులు వచ్చిపడతారన్న ఊహ కలగడం సహజం. ఆ ఊహ పొరపాటు. మిల్వాకీ వంతెన దాటించినది నిజమైన అడ్డంకిని. శాలిహుండం యాత్రికునికి అడ్డు నీరు కాదు. జిల్లా కేంద్రం నుండి బస్సు వేళకు దొరుకుతుందా? మెట్లెక్కే వృద్ధురాలికి మార్గమధ్యంలో నీడ, తాగునీరు ఉన్నాయా? దారి చూపే పలక కనబడుతుందా? అక్కడ కట్టవలసిన వంతెన ఇదే.

ఉక్కు, సిమెంటు కావలసిన చోట్లు వేరే ఉన్నాయి. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలో నాగావళి మీద తలపెట్టిన పూర్ణపాడు–లాబేసు వంతెన ఏళ్ళ తరబడి అసంపూర్తిగా నిలిచింది. ఆవలి గట్టు గిరిజన గ్రామాలవారు పడవలనే నమ్ముకొన్నారు. ప్రజాధనంతో వంతెన కట్టదలచినవారు ముందుగా అటువైపు చూడడం న్యాయం. అంతమాత్రాన శిల్పం సంపన్నుల విలాసమనీ, పేదవానికి అక్కరలేదనీ భావించడం మరింత అన్యాయం. కాలిబాటకూ, నీడనిచ్చే చెట్టుకూ, నాలుగు పలకలకూ అయ్యే ఖర్చు ఏ నది వంతెననూ ఆపజాలదు.

ఆ పలకల మీద రాత మాత్రం తెలుగులో ఉండాలి. వ్యావహారిక భాష కొరకు జీవితమంతా పోరాడిన గిడుగు గుర్తించిన కొండ అది. మారీచి ఎవరో, ఆమె విగ్రహం వంశధార ఒడ్డుకు ఎందుకు వచ్చిందో, గార మండలపు రైతు తన పిల్లకు చదివి వినిపించగలిగేటట్లు రాయించడానికి ఏ ఇంజనీరు అంచనాలూ అవసరం లేదు.